ఊరొదిలి వెళ్ళింది సరే, తిరిగొచ్చిన సంగతో?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో పేరాల అమ్మాయి ఒకరు, పదో తరగతి, మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండీ. స్టేజీ మీదున్న పెద్దలకీ, మా టీచర్లకీ, వెనకాల నిలబడ్డ మా క్లాసు వాళ్ళకీ... మైకు కొంచెం కిందకి దించుతారా అండీ, అందట్లేదు. ఆ, చాలండీ, థాంక్యూ.

నాకిచ్చిన టాపిక్ "సాహిత్యం, చరిత్ర, నేను". ఇంట్లో చెప్తే మా అన్న ఒకటే నవ్వు, సాహిత్యం సరే, చరిత్ర సరే, మధ్యలో నువ్వెందుకే అని. (నవ్వులు) నిజమే అనుకోండి. కానీ మా తెలుగు మేడం చెప్పారు, నీ సంగతి లేకుండా మాట్లాడితే అది గైడు అప్పజెప్పినట్టు ఉంటది, అది మాకొద్దు అని. అందుకని మా ఇంటి సంగతులు కూడా చెప్తా, బోర్ కొడితే చెప్పండి ఆపేస్తా.

మా అన్న గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు, ఇంటి నిండా బిట్ బ్యాంకులే. వాటిల్లో మా ఊరు ఉంది. చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు ఎవరు, కింద నాలుగు పేర్లు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని టిక్ పెట్టాలి. అయిపోయింది, ఒక మార్కు. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టలేక ఊరు ఊరంతా ఇల్లూ వాకిలీ వదిలేసి దాదాపు పదకొండు నెలలు పాకల్లో బతికితే ఒక మార్కు. ఇంకొంచెం సీరియస్‌గా చదివేవాళ్ళకి రెండో బిట్ కూడా ఉంటది, రామదండు, అంటే ఆ ఉద్యమంలో వాలంటీర్ల దళం, దాని స్థాపకుడు ఎవరు అని, దానికీ అదే జవాబు. (నవ్వులు)

మేం ఉండేది పేరాలలోనేనండీ. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ కండెలు, అంటే నేతకి నూలు చుట్టే చిన్న గొట్టాలు, చుడుతుంది, స్కూల్ నుంచి వచ్చాక నేనూ చుడతా, ఫోన్‌లో ఏదైనా పెట్టుకుని. మా నాయనమ్మ ఉంది, తాతయ్య లేరు. మా ఇంట్లో ఇంకో తమాషా ఏంటంటే, తాతయ్య పుట్టింది గుంటూరు జిల్లాలో, నాన్న పుట్టింది ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు మా ఆధార్ అప్‌డేట్ చేయిస్తే బాపట్ల జిల్లా అని వచ్చింది. ఇల్లు అదే, మగ్గం గుంట అదే, వేపచెట్టు అదే. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత దానికే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు, 2022లో మళ్ళీ విడగొట్టారు, మేం మాత్రం గడప దాటకుండానే మూడు జిల్లాలు తిరిగేశాం. అంటే చరిత్ర అనేది ఎక్కడో ఢిల్లీలో జరుగుతుంది అనుకుంటాం కదా, అది మన ఇంటి డోర్ నంబర్ దాకా వస్తది, మనమే చూసుకోం.

తాతయ్య సంగతి చెప్తా. తాతయ్య రుమాళ్ళు నేసేవాడు. చేతి రుమాలు కాదండీ, పెద్ద గళ్ళ గుడ్డలు, ఎరుపూ నీలం. మా వైపు నేసిన ఆ సరుకు మద్రాసు పేరు మీద, రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని, ఓడెక్కి పశ్చిమ ఆఫ్రికా పోయేది, ముఖ్యంగా నైజీరియాకి. చీరాల పేరు ఎక్కడా ఉండదు, పేరు మద్రాసుది, నడుం నొప్పి మాది. అక్కడ కలబారి అని ఒక జాతి వాళ్ళున్నారు, వాళ్ళకి ఈ గళ్ళ గుడ్డ లేకపోతే పెళ్ళీ జరగదు చావూ జరగదు, అంత మర్యాద దానికి. ఇంకా విచిత్రం ఏంటంటే, అక్కడి ఆడవాళ్ళు ఆ గుడ్డ కొనుక్కుని, బ్లేడు పెట్టి మధ్యమధ్యలో పోగులు కోసి, లాగేసి, కొత్త డిజైన్ తీస్తారు, అదొక పెద్ద కళ వాళ్ళకి. నేను ఇది చదివి పరిగెత్తుకెళ్ళి నాయనమ్మకి చెప్పా. నాయనమ్మ రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత అంది, "ఓరి వాళ్ళ దుంప తెగ, ఒక్క పోగు తెగితే మీ తాత అన్నం కూడా మానేసి అతికేవాడే, వాళ్ళు డబ్బులిచ్చి కొనుక్కుని మరీ పీకుతున్నారా?" (నవ్వులు, చప్పట్లు)

నవ్వొచ్చింది కానీ నాకు ఆ రోజు నుంచే ఈ పిచ్చి పట్టింది. మన సంగతులు వేరే ఎక్కడో రాసి ఉంటాయి, మనకి తెలీదు. సెలవులొస్తే వేటపాలెం పోవటం మొదలుపెట్టా, అక్కడి పాత గ్రంథాలయం సారస్వత నికేతనానికి. మీ అందరికీ తెలిసిందే, 1918లో పెట్టింది, 1929లో గాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర కూడా అక్కడే ఉంది. వచ్చినవాళ్ళందరూ కర్ర చూసి ఫోటో దిగి వెళ్ళిపోతారు. నాకైతే కర్ర కంటే పాత పేపర్లు ఇష్టం. వంద ఏళ్ళ నాటి పత్రికలు, పట్టుకుంటే చెయ్యి పసుపుపచ్చ అవుతది. వార్తలు సగం అర్థం కావు, ఆ తెలుగు అలా ఉంటది మరి, కానీ పక్కన జుట్టు నూనె ప్రకటనలు, మలేరియా మందు ప్రకటనలు బాగా అర్థమవుతాయి.

సరే, 1921 సంగతికి వస్తా.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి అంతకుముందు ఒక యూనియన్ లాగా, అంటే పంచాయితీ లాంటి చిన్న పాలనలో, ఉండేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేస్తాం అంది. చేస్తే మంచిదే కదా అనుకుంటాం ఇప్పుడు, రోడ్లొస్తాయి లైట్లొస్తాయి అని. కానీ ఏడాదికి 4 వేలు ఉండే పన్ను మొత్తం 40 వేలకి పోయిందని పుస్తకాల్లో ఉంది. పదింతలు! ఉన్నదంతా నేతపని వాళ్ళు, చిన్న రైతులు, చిల్లర కొట్లు. ఎవరు కడతారండీ. కట్టం అన్నారు. కట్టనందుకు జైల్లో పెట్టారు. అలా జైలుకెళ్ళిన వాళ్ళల్లో ఒకావిడ ఉంది, రావూరి అలివేలు మంగమ్మ గారు, ఇలాంటి ఉద్యమంలో జైలుకి పోయిన మొదటి స్త్రీ ఆవిడేనని చెప్తారు. ఆవిడ పేరు మీద బిట్ లేదు. నేను మా అన్నని అడిగా, నాలుగు బిట్ బ్యాంకులు తిరగేశాడు పాపం.

గాంధీ గారు 1921 మార్చి ఆఖర్లో బెజవాడ కాంగ్రెస్ మీటింగుకి వచ్చారు, ఆ తర్వాత ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. ఏం చెయ్యమంటారు అని అడిగితే రెండు దారులు చెప్పారు. ఒకటి, పన్ను కట్టకుండా, చెయ్యి ఎత్తకుండా, వచ్చిన కష్టం భరించండి. రెండోది, అసలు ఊరే వదిలి వెళ్ళిపోండి, మున్సిపాలిటీ హద్దు దాటితే పన్నే లేదు కదా. ఏది చేసినా మీ బలం మీద మీరు చెయ్యండి అన్నారు. ఈ రెండోది విని ఎవరైనా ఊరుకుంటారు, చెప్పటానికి బాగుంటది కానీ ఎవరు చేస్తారులే అని. వీళ్ళు చేశారు! పదిహేను వేల పైచిలుకు జనాభాలో దాదాపు పదమూడు వేల మంది లేచి హద్దు బయటికి పోయారు. పాకలు వేసుకుని రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. తగువులు తీర్చుకోటానికి వాళ్ళ పంచాయితీ వాళ్ళే పెట్టుకున్నారు. రామదండు అని వాలంటీర్లు కాపలా తిరిగేవాళ్ళు.

గోపాలకృష్ణయ్య గారి గురించి నాకు ఒక్కటి బాగా నచ్చింది, అది చెప్పి ముందుకెళ్తా, ఎందుకంటే ఆయన గురించి అందరూ చెప్తూనే ఉంటారు. ఆయన ఎడింబరోలో ఎమ్మే చదివాడు. ఉద్యమంలోకి రాకముందు ఆనంద కుమారస్వామి అనే గొప్ప కళా పండితుడితో కలిసి మన అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి చేశాడు, నాట్యంలో చేతి ముద్రలూ చూపులూ ఎలా పట్టాలో చెప్పే పుస్తకం అది, 1917లో అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు వేశారు. ఆలోచించండి, హార్వర్డ్‌లో పుస్తకం పడిన నాలుగేళ్ళకి ఈయన చీరాల ఇసకలో తాటాకు పాకల మధ్య, పంపు లేదు దీపం లేదు, పదమూడు వేల మంది సంసారం చూస్తున్నాడు. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరికైనా అమెరికా వీసా వస్తే ఫ్లెక్సీ కడుతున్నారు. (నవ్వులు) ఏదో అన్నాలే.

ఇక్కడి దాకా అందరికీ తెలిసిందే. నేను ఆగిపోయింది ఎక్కడంటే... మగ్గం దగ్గర.

మాది గుంట మగ్గం. మగ్గం అంటే ఇక్కడ చాలామందికి తెలుసు కానీ తెలియని పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి చెప్తా. నేలలో గుంట తవ్వి ఉంటది, నేసే మనిషి గుంట అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి దించి కింద చెక్కలు తొక్కుతాడు. పైన పడుగు, అంటే నిలువు పోగులు, గదికి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగి కట్టి ఉంటది, వేల పోగులు. అయిపోయిన పడుగు కొసలకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతకాలి, దాన్నే అచ్చు అతకటం అంటాం, వేళ్ళకి బూడిద రాసుకుని రెండు పోగులు కలిపి నలుపుతారు, ముడి కనపడదు. మా అమ్మ అతుకుతుంటే పక్కన కూర్చుని ఎంత చూసినా నాకు ఆ వేలు ఎక్కడ తిప్పుతుందో దొరకదు. అంతకంటే ముందు పడుగుకి గంజి పెట్టాలి, దానికి వీధి పొడుగునా పడుగు చాపాలి, అది పొద్దున్నే ఎండ ముదరకముందు అవ్వాలి, నలుగురు సాయం పట్టాలి. మా వీధిలో ఇప్పుడు బైకులు ఆగవు కాబట్టి అది చాలా తగ్గిపోయింది, వేరే చోట చేయించుకుని తెస్తున్నారు.

ఇప్పుడు చెప్పండి. ఊరు వదిలి పొమ్మంటే వండుకునే గిన్నెలు పట్టుకెళ్ళొచ్చు, మంచం పట్టుకెళ్ళొచ్చు, మేకని తోలుకెళ్ళొచ్చు. గుంటని ఎలా పట్టుకెళ్తారండీ?

నేనీ మాట మా సోషల్ సార్‌ని అడిగితే ఆయన కాసేపు నన్నే చూసి, "ఇది సిలబస్‌లో లేదమ్మా" అన్నారు, తర్వాత ఆయనే సాయంత్రం స్టాఫ్ రూమ్‌కి పిలిచి నీ ప్రశ్న బాగుంది, కాయితం మీద పెట్టు అన్నారు. అక్కడ పడ్డాయి ఇంకో పది ప్రశ్నలు. సగం నేసిన గుడ్డ మగ్గం మీదుంటే దాన్ని కోసేశారా, పూర్తయ్యేదాకా ఒకళ్ళు ఆగారా? షావుకారు దగ్గర తెచ్చుకున్న నూలు లెక్క ఎవరు చెప్పారు? కొత్త చోట గుంట తవ్వారనుకుందాం, మా వైపు ఇసక నేల, కాస్త లోతుకి తవ్వితే నీళ్ళు ఊరతాయి. వర్షాకాలం మా ఇంట్లో, పక్కా ఇంట్లోనే, గుంట గోడలకి సిమెంటు చేయించినా సరే నీళ్ళు వస్తాయి, నాన్న పొద్దున్నే చెంబుతో తోడి పోస్తాడు, పోగు చెమ్మ పట్టి సాగిపోతది, ఆ నెలలో మజూరి, అంటే నేత కూలి, సగం కూడా రాదు. వాళ్ళు వెళ్ళింది ఎండాకాలం మొదట్లో, ఉన్నది పదకొండు నెలలు. అంటే మే నెల ఎండా తాటాకు కిందే, అక్టోబరు నవంబరు వానలూ ఆ తాటాకు కిందే. సముద్రం ఇక్కడే ఉంది, వాడరేవు, ఆ నెలల్లో గాలి ఎలా ఉంటదో మీకు నేను చెప్పక్కర్లేదు.

పుస్తకాల్లో "ప్రజలు అనేక కష్టనష్టాలకు ఓర్చి" అని ఒక ముక్క ఉంటది. ఆ ముక్కలో ఇవన్నీ ఉన్నాయండీ, కుక్కి కుక్కి పెట్టారు, మూట విప్పితే గానీ బయటికి రావు.

ఇంకో సంగతి. దీని గురించి చెప్పేటప్పుడు అందరూ తెల్లదొరల పన్ను, తెల్లదొరల పన్ను అంటారు. అదీ ఉంది. కానీ 1920 చివర్లో కొత్త పద్ధతి వచ్చింది, కొన్ని శాఖలు మన వాళ్ళకే ఇచ్చారు, మున్సిపాలిటీలు చూసే స్థానిక స్వపరిపాలన శాఖ అలా మన మంత్రి చేతికే వచ్చింది. ఎవరా మంత్రి అంటే పానగల్లు రాజా, పానుగంటి రామారాయణింగారు, జస్టిస్ పార్టీ, మన కాళహస్తి వైపు ఆయన. అంటే జనం పాకల్లో ఉన్నప్పుడు ఆ ఫైలు వెళ్ళే బల్ల వెనక ఒక తెలుగాయన కూర్చుని ఉన్నాడు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే అప్పటిదాకా నా బుర్రలో ఒక పక్క టోపీ పెట్టుకున్న దొర, ఇంకో పక్క మనం, అంతే. ఆయన్ని విలన్ చేసేద్దామా అంటే అదీ కుదరదు, బ్రాహ్మణేతరులకి చదువులూ ఉద్యోగాలూ అని ఆ పార్టీ వాళ్ళు చేసిన పనులు ఉన్నాయి, మా లాంటి ఇళ్ళ పిల్లలు ఇవాళ ఇక్కడ మైకు ముందు నిలబడ్డారంటే వాటి పుణ్యం కూడా కొంత ఉంది. కానీ చీరాల విషయంలో ఆ బల్ల వెనక నుంచి జనం వైపు రాలేదు. రెండూ నిజమే. బిట్‌లో రెండూ పట్టవు.

ఇప్పుడు నేను అసలు చెప్దామనుకున్న దానికి వస్తున్నా, టైం ఉందా అండీ? పర్లేదా? సరే.

గోపాలకృష్ణయ్య గారు ఉద్యమానికి డబ్బులు పోగుచెయ్యటానికి తిరుగుతూ 1921లోనే బరంపురం వెళ్తే, అక్కడ మాట్లాడొద్దని ఆర్డర్ ఇచ్చారు, ఆయన వినలేదు, అరెస్ట్ చేసి ఏడాది జైల్లో వేశారు. ఇక్కడ పాకల్లో డబ్బుల్లేవు, నాయకుడు లేడు. ఆ తర్వాత ఫిబ్రవరి 1922లో చౌరీచౌరాలో పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, గాంధీ గారు దేశమంతా జరుగుతున్న సహాయ నిరాకరణ ఉద్యమమే ఆపేశారు. అదే నెలలో పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల్ని మేపుకుంటే కట్టే పన్ను, ఆ గొడవలో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు, పెదనందిపాడు వైపు పన్నులు కట్టం అని నిలబడ్డ రైతులు కూడా ఆగిపోవాల్సి వచ్చింది. ఇవన్నీ అప్పటి గుంటూరు జిల్లాలోనే, అటూ ఇటూ ఒక్క ఏడాదిలో. ఇక రామ్‌నగర్ వాళ్ళు ఏం చేశారు? వచ్చేశారు. ఊళ్ళోకి తిరిగొచ్చేశారు. మున్సిపాలిటీ అలాగే ఉంది.

ఇక్కడ అన్ని పుస్తకాలూ స్పీడు పెంచేస్తాయండీ. వెళ్ళటం గురించి పేజీలు, రావటం గురించి ఒక లైను. ఎందుకంటే రావటం అంటే ఓడిపోవటం అని. గోపాలకృష్ణయ్య గారి జయంతి రోజు, వర్ధంతి రోజు మనం కూడా వెళ్ళిన దాని గురించే చప్పట్లు కొడతాం. నాకేమో వచ్చిన రోజు మీదే ఉంది దృష్టి. పదకొండు నెలలు మూసున్న ఇంటి తలుపు తీస్తే లోపల ఎలా ఉంటది? గుంటలో ఏం చేరి ఉంటాయి? చెదలు పట్టిన మగ్గం చెక్కలు, ఎలుకలు కొట్టిన పడుగు. ముందు శుభ్రం చేసి ఉంటారు. ఆడవాళ్ళే చేసి ఉంటారు, ఇంకెవరు చేస్తారు. తర్వాత షావుకారు దగ్గరికెళ్ళి నూలు అప్పు అడిగి ఉంటారు. నువ్వే కదయ్యా రామదండు వెనక పోయింది అని ఆయన ఒక మాట అని ఉంటాడు, అనకపోతే ఆయన షావుకారే కాదు. (నవ్వులు) ఆ మాట పడి, నూలు తెచ్చుకుని, అచ్చు అతికి మళ్ళీ కూర్చున్నారే, ఆ రోజు గురించి ఎవరైనా రాయాలి కదా.

ఇలా ఆలోచించటం నాకు చరిత్ర పుస్తకాల వల్ల రాలేదు, నవల వల్ల వచ్చింది. మేడం ఎండాకాలం సెలవుల్లో మాలపల్లి ఇచ్చారు, ఉన్నవ లక్ష్మీనారాయణ గారిది. ఆయన కూడా గుంటూరు జిల్లా వాడే, ఆ గొడవల్లోనే జైలుకెళ్ళి 1922లో రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాశాడు. అంటే ఇక్కడ మా వాళ్ళు పాకలు వదిలి ఇళ్ళకి చేరుతున్న ఏడాదే అక్కడ ఆయన జైల్లో ఆ నవల రాస్తున్నాడు. చాలా పెద్దది, మధ్యలో పాటలు, వాదనలు, నాకైతే కొన్ని చోట్ల నిద్ర కూడా వచ్చింది, ఉన్నమాట చెప్పాలిగా. కానీ అందులో కూలి గింజల్లో ఇవ్వాలా డబ్బుల్లో ఇవ్వాలా అని గొడవ వస్తది చూడండి, అక్కడ నిద్ర ఎగిరిపోయింది. గింజల ధర పెరిగినప్పుడు ఆసామి డబ్బులిస్తానంటాడు, కూలివాళ్ళు గింజలే కావాలంటారు. మా ఇంట్లో రోజూ ఇదే గొడవ! నూలు ధర పెరిగితే మజూరి పెరగదు, చీర అమ్ముడు పోకపోతే మాత్రం మజూరి తగ్గిద్ది. రామదాసు అని ఒక మాల పల్లె పెద్దాయన, ఎంత నెమ్మదస్తుడో, కొడుకుని పోగొట్టుకుంటాడు, భూమి పోతది, కుటుంబం జైలు పాలవుతుంది, పుస్తకం ఎక్కడా ఆయన్ని గెలిపించదు. అయినా వదిలిపెట్టదు, ఓడిపోయిన వాళ్ళ వెనకాలే నడుస్తుంది. సర్కారు ఆ నవల మీద నిషేధం పెట్టిందంటే ఊరికే పెట్టిందా మరి. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ తియ్యలేదు.

శ్రీశ్రీ గారి ప్రతిజ్ఞలో కమ్మరి కొలిమి, కుమ్మరి చక్రం, జాలరి పగ్గం, సాలెల మగ్గం అని వరసగా వస్తాయి. మొదటిసారి చదివినప్పుడు మా మగ్గం కవిత్వంలో ఉందే అని ఎగిరి గంతేశా, నాన్నకి చదివి వినిపించా. నాన్న నేస్తూనే విని, "బాగుంది, మజూరి గురించి ఏమైనా రాశాడా?" అన్నాడు. (నవ్వులు) నాన్నది జోకు కాదండీ, నిజంగానే అడిగాడు. మహాకవిని నేను తక్కువ చెయ్యట్లేదు, అన్ని వృత్తులనీ ఒక్క ఊపులో పిలవటం ఆయనకే చెల్లింది. కానీ అది దూరం నుంచి అందరికీ కలిపి పెట్టే దణ్ణం. మాలపల్లి అలా కాదు, లోపలికొచ్చి గింజలు కొలిచి చూస్తుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, మీలో కొంతమందికి కోపం రావచ్చు.

మా అన్న సంగతి కూడా దీంట్లోకే వస్తది, చెప్పొద్దన్నాడు కానీ చెప్తా, వెనకాలే ఉన్నాడు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వెళ్ళాడు, ఒక ఆఫీసులో చేరాడు. వెళ్ళేటప్పుడు వీధంతా వచ్చి బస్సెక్కించారు, నాయనమ్మ జంతికలు కట్టింది, ఈ ఇంట్లో మగ్గం దిగి బయటపడ్డ మొదటివాడు అని నాన్న అందరికీ చెప్పుకున్నాడు. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఆ ఆఫీసు వాళ్ళు ఇంక రావొద్దన్నారు. వచ్చేశాడు. వచ్చిన రోజు ఎవరూ బస్టాండ్‌కి వెళ్ళలేదు, వెళ్ళే పరిస్థితి కూడా లేదనుకోండి. ఒక పది రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అప్పుడు మగ్గాలు కూడా ఆగిపోయి ఉన్నాయి, నూలు రావట్లేదు, నేసిన చీరలు షావుకారు తీసుకోవట్లేదు. మళ్ళీ కొంచెం కదలిక వచ్చాక, ఒకరోజు నాన్నకి జ్వరంగా ఉంటే, అన్న ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. చిన్నప్పుడు నేర్చుకుందే, మర్చిపోలేదు, కాకపోతే అంచు వంకర వచ్చింది, నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు పగలు నేస్తాడు, రాత్రి గ్రూప్-2 చదువుతాడు.

వాడు వెళ్ళిన రోజుకి మా ఇంట్లో ఫోటోలున్నాయి, వచ్చిన రోజుకి ఒక్కటి కూడా లేదు. 1922కి కూడా అంతే జరిగింది అని నాకనిపిస్తుంది.

నువ్వు కూడా మగ్గం నేస్తావా అని అందరూ అడుగుతుంటారు, ఆగస్టు 7న చేనేత దినోత్సవం వచ్చిందంటే మరీను, ఆ రోజు స్కూల్లో మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు, ఆ శాలువా పవర్‌లూమ్‌ది. (నవ్వులు, చప్పట్లు) నేను నేయను అండీ. నాన్నకీ ఇష్టం లేదు, నాకూ నడుం మీద ఆశ ఉంది. హిస్టరీ చదువుతా. మగ్గం మీద జాలి పడమని కూడా నేను అడగట్లేదు, జాలితో ఏం చేసుకుంటాం. చేనేతకి ఏం కావాలో ప్రగడ కోటయ్య గారు ఎప్పుడో చెప్పి పోయారు, చీరాల ఎమ్మెల్యేగా చేశారు, రాజ్యసభలో ఉన్నారు, నూలు గురించీ మగ్గం గురించీ జీవితాంతం పోట్లాడారు. చేనేతకే వదిలెయ్యాలి అని 1985లో చట్టం చేసి 22 రకాల బట్టలు రిజర్వ్ చేస్తే, తర్వాత అవి 11కి దించేశారు. ఆ పదకొండైనా ఎవరు చూస్తున్నారో నాకైతే కనపళ్ళా. అది పెద్దవాళ్ళ సబ్జెక్టు, నేను ఇక్కడితో ఆపేస్తా.

నాకు కావాల్సింది వేరే. ఈ హాల్లో చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం పెద్దలు చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళల్లో అటక మీద ట్రంకు పెట్టెలు ఉంటాయి. దయచేసి ఒకసారి దించండి. 1921, 22, 23 నాటి పన్ను రసీదులు, షావుకారు ఇచ్చిన నూలు చీటీలు, అప్పు కాయితాలు, ఎవరో ఎవరికో రాసిన కార్డు ముక్క, ఏదున్నా పర్లేదు. నాకు ఇవ్వక్కర్లేదు, పోతాయని భయపడొద్దు, నేను మీ ఇంటికే వచ్చి మీ ముందే ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్ళిపోతా. కాయితాలు లేకపోతే మీ అమ్మమ్మ, నాయనమ్మ చెప్పిన మాటలున్నా చాలు, తప్పో ఒప్పో చూసుకోకుండా చెప్పండి, మా సోషల్ సార్ రికార్డర్ ఇస్తానన్నారు. ముఖ్యంగా రెండు విషయాలు: అక్కడ గుంటలు తవ్వారా లేదా, తిరిగొచ్చాక మొదటి పడుగుకి నూలు ఎవరిచ్చారు. గేటు దగ్గర మా క్లాసు అమ్మాయి నోటుబుక్ పట్టుకుని నిలబడి ఉంది, నీలం చున్నీ, చెయ్యెత్తవే... ఆ, అదిగో. వెళ్ళేటప్పుడు మీ వీధి పేరు, ఇంటి గుర్తు దానికి రాసిచ్చి వెళ్ళండి. ఆదివారాలు వస్తాం.

(చప్పట్లు)